ఈ ఏడాది పిల్లని ఎవరు రాసుకోవాలి?

పన్నుల శాఖ వారి ఉత్తరం మూడు రోజులుగా వంటింటి బల్ల మీద, మిరపకాయ సాసు సీసాకీ చక్కెర డబ్బాకీ మధ్య నిటారుగా నిలబడి ఉంది. ఎవరూ చింపలేదు. చింపకపోయినా అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. కవరు మీద చిరునామా ఐడెల్లాది. పేరు మాత్రం ఆవిడ కూతురు షరోండాది.

"నువ్వు మాత్రం చింపకమ్మా," అన్నాడు థర్మన్. "పరాయివాళ్ళ ఉత్తరం చింపితే జైలు."

"అది నా కూతురు. పరాయిదెలా అవుతుంది?"

"పన్నుల దగ్గర అందరూ పరాయివాళ్ళే."

థర్మన్ ఐడెల్లా పెద్ద కొడుకు. నలభై రెండేళ్ళవాడు, రేవులో ఓడలు కట్టే యార్డులో వెల్డరు. భయం వేసినప్పుడు జోకులు వేస్తాడు. పొద్దుట వచ్చిన దగ్గర్నుంచి నాలుగు వేశాడు. అంటే బాగా భయపడ్డాడన్నమాట.

ఐడెల్లా నవ్వలేదు. ఈమధ్య ఆవిడ నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. కింది వరసలో ఆరు పళ్ళు లేవు. పన్ను వాపసు వస్తే పన్ను కట్టించుకుందామనుకుంది. ప్రభుత్వానికి పన్ను కట్టిన మనిషికి ప్రభుత్వం పన్ను కట్టించడం న్యాయమే కదా అని పళ్ళ డాక్టరు దగ్గర కొలతలు కూడా ఇచ్చి వచ్చింది. తీరా చూస్తే వాపసు రాలేదు, చిగుళ్ళ వాపు మాత్రం వచ్చింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త సంవత్సరం రోజున అందరూ ఐడెల్లా బల్ల చుట్టూ కూర్చుని బొబ్బర్లూ, కాలర్డ్ ఆకుకూరా, మొక్కజొన్న రొట్టే తింటారు. బొబ్బర్లు తింటే ఏడాదంతా చిల్లరకి లోటుండదని నమ్మకం. చిల్లర సంగతి బొబ్బర్లకి వదిలేసి, నోట్ల సంగతి మాత్రం చేతులు కడుక్కుని తామే తేల్చుకుంటారు. ఈ ఏడాది పన్ను కాగితంలో జర్నీని ఎవరు రాసుకోవాలి? అదీ ప్రశ్న.

జర్నీ షరోండా కూతురు. తొమ్మిదేళ్ళది. పేరుకే జర్నీ గాని ఆ పిల్ల చేసిన ప్రయాణం ఒక్కటే. మూడో ఏట తల్లి కారు వెనక సీట్లోంచి దిగి అమ్మమ్మ మంచం ఎక్కింది. ఆరేళ్ళయింది, దిగలేదు. ఆ పిల్లని తన మీద ఆధారపడిన మనిషిగా ఎవరు రాసుకుంటే వాళ్ళకి ఫిబ్రవరిలో ఆరువేల డాలర్లకి కాస్త అటూ ఇటూగా చేతికొస్తాయి. ఐడెల్లా బడి భోజనశాలలో పళ్ళాలు అందిస్తుంది. ఆవిడ జీతానికి అది నాలుగు నెలల పంట.

అందుకని వంతులు పెట్టుకున్నారు. రెండేళ్ళ కిందట షరోండా వంతు. కిందటేడు తుపానుకి థర్మన్ ఇంటి కప్పు లేచిపోయింది కాబట్టి థర్మన్ వంతు. ఈ ఏడు ఐడెల్లా వంతు. జనవరి ఒకటిన ముగ్గురూ తలూపారు. మూడో వారంలో షరోండా, పక్క ఊరు పెన్సకోలాలో తను పనిచేసే హోటల్లో దుప్పట్లు మడత పెడుతూ మడత పెడుతూ, మధ్యలో పావుగంట విరామంలో, మోబిల్ ఊళ్ళో ఉన్న పిల్లని మొబైల్లో రాసేసుకుంది. రిటర్న్ వేసిన కూతురు ఇంటికి మాత్రం రిటర్న్ రాలేదు.

నెలాఖరున ఐడెల్లా తన కాగితాలు పట్టుకుని, ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చిన కొట్లో ఇప్పుడు పన్నుల కొట్టు నడిపే మిస్ ఫెలీషియా దగ్గరకి వెళ్తే, కంప్యూటరు ఆవిడ కాగితాన్ని వెనక్కి కొట్టింది. ఈ పిల్ల ప్రభుత్వ గుర్తింపు నంబరు ఇప్పటికే ఎవరో రాసుకున్నారంది. వంతు నాదండీ అని ఐడెల్లా వాదించింది. మిస్ ఫెలీషియా కళ్ళద్దాలు తీసి, చట్టానికి వంతులు తెలియవని చెప్పింది. ఏడాదిలో సగం కన్నా ఎక్కువ రోజులు పిల్ల ఎవరింట్లో ఉందో, ఎవరి కప్పు కింద నిద్రపోయిందో, అదొక్కటే లెక్క. తల్లీ అమ్మమ్మా ఒకే ఇంట్లో ఉంటే తల్లికి ముందు హక్కు. తల్లి ఆ ఇంట్లో లేకపోతే తల్లికి హక్కే లేదు. మామయ్యలూ అంతే.

"పిల్లని వంతులేసుకుని రాసుకోడానికి అదేమన్నా బాత్రూమా?" అని అడిగిందట ఆవిడ.

కావాలంటే కాగితం మీద రాసి, రుజువులు జతచేసి పోస్టులో పంపమంది. అప్పుడు ఆఫీసువాళ్ళు ఐడెల్లానీ షరోండానీ ఇద్దర్నీ రుజువులు అడుగుతారు. ఒక్కోసారి పాత ఏళ్ళు కూడా తిరగేస్తారు.

ఆ పాత ఏళ్ళ మాట విన్నప్పట్నుంచే థర్మన్ జోకులు ఎక్కువయ్యాయి. జర్నీ అతని ఇంట్లో నిద్రపోయింది మొత్తం రెండు రాత్రులు. ఐడెల్లాకి పిత్తాశయం తీసినప్పుడు, సోఫా మీద.

*

ఆ శనివారం షరోండా పదకొండు గంటలకి వచ్చింది. హోటలు చొక్కా మీదే వచ్చింది. మూడింటికి షిఫ్టు. ఒంటిగంటకి మార్డీ గ్రా పండగ ఊరేగింపు కోసం వీధులు మూసేస్తారు కాబట్టి ఆ లోపలే వెళ్ళిపోవాలి. ముందు గదిలో జర్నీ, నిన్నటి ఊరేగింపులో బళ్ళ మీంచి విసిరిన పూసల దండలూ మూన్ పై బిస్కెట్లూ నేల మీద పరుచుకుని రంగుల వారీగా వేరుచేస్తోంది. షరోండా వంగి పిల్ల నెత్తిన ముద్దుపెట్టి, వంటింట్లోకి వచ్చి, తల్లికి మాట కూడా చెప్పకుండా ఉత్తరం చింపింది.

చదివింది. కుర్చీ లాక్కుని మళ్ళీ చదివింది.

వాపసు డబ్బు ఆపేశారు. పిల్లా తనూ కిందటేడు సగం పైగా ఒకే చిరునామాలో ఉన్నట్టు రుజువు కావాలి. బడి కాగితం గాని, డాక్టరు కాగితం గాని, ఇంటి యజమాని కాగితం గాని, చర్చి కాగితం గాని. ముప్పై రోజులు గడువు. పిల్ల ఎవరి మీద ఆధారపడిందో ఆధారాలు చూపాలి, లేకపోతే నిరాధారం.

"బడిలో నీ పేరుంది," అంది షరోండా, ఉత్తరం మీంచి తలెత్తకుండా. "డాక్టరు దగ్గరా నీ పేరే. ఇల్లు నీది. ఇక మిగిలింది చర్చి."

ఐడెల్లా పొయ్యి మీద బీన్స్ కలుపుతోంది. గరిటె ఆగింది.

"వంతు నాది," అంది.

"వంతులేంటమ్మా? నా బిడ్డేమన్నా చర్చిలో చందా పళ్ళెమా, ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళ చేతిలోకి మారడానికి?"

"జనవరి ఒకటిన తలూపావు."

"నోట్లో బొబ్బర్లున్నాయి. ఊపక ఏం చెయ్యను?"

థర్మన్ నవ్వబోయి మానుకున్నాడు.

తర్వాత పావుగంటసేపు తల్లీ కూతుళ్ళు ఆరేళ్ళ సామానంతా బయటికి తీశారు. షరోండా తాగిన ఏడాది వచ్చింది. మానేసిన నాలుగేళ్ళు మాత్రం షరోండా గుర్తుచేస్తే తప్ప రాలేదు. జర్నీకి నిమోనియా చేసిన వారం వచ్చింది, ఆ వారం రాని తల్లి వచ్చింది, రాకపోవడానికి కారణమైన చెడిపోయిన కారు వచ్చింది. షరోండా నెలనెలా పంపిన వంద డాలర్లు వచ్చాయి. పంపని నెలలు అంతకన్నా ముందే వచ్చాయి. చర్చిలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు ప్రతి ఆదివారం తన పేరు చదివించడం గురించి షరోండా అడిగింది. నాలుగేళ్ళుగా చుక్క ముట్టని మనిషి కోసం ఇంకా దేన్ని గురించి ప్రార్థిస్తున్నారని అడిగింది. జవాబు లేనప్పుడు ఆవిడ గొంతు పెరుగుతుంది.

"ఆ పిల్ల తలకి నూనె రాసేది నేను. దగ్గొస్తే గుండెకి మందు రాసేది నేను. కాగితం మీద రాసుకునేది మాత్రం నువ్వా?"

షరోండా ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది. దుప్పట్లు మడిచే చెయ్యి, అంచుకి అంచు సరిగ్గా కలిసింది.

"కాగితం నువ్వు రాస్తావా, రాయవా?"

ఇక్కడ ఐడెల్లా గురించి ఒక మాట చెప్పాలి. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ చర్చి గుమాస్తా. ప్రతి శనివారం మర్నాటి ఆరాధన కాగితం టైపు చేసేది ఆవిడే. ఫిబ్రవరి వచ్చిందంటే సంఘంలో సగం మంది, సిస్టర్ ఐడెల్లా ఒక ఉత్తరం కావాలి అంటూ ఆవిడ బల్ల ముందు నిలబడతారు. ఫలానా పిల్ల ఫలానా వారి ఇంట్లో ఉంటోందని చర్చి పేరున్న కాగితం మీద టైపు చేస్తే, పాస్టర్ క్రెంషా చదవకుండా సంతకం పెడతాడు. చదవనక్కర్లేకుండా ఐడెల్లా ముందే మూడు ప్రశ్నలు అడుగుతుంది. పొద్దున బడికి లేపేదెవరు? పిల్ల పళ్ళు తోముకునే బ్రష్షు ఎవరింట్లో ఉంది? జ్వరమొస్తే బడి నర్సు ఎవరికి ఫోను చేస్తుంది? ఈ మూడింటికీ తడుముకున్నవాళ్ళని వెనక్కి పంపేసింది. ఒకసారి సంఘ పెద్దనే పంపేసింది. ఆయన ఇప్పటికీ ఆవిడ పక్క బెంచీలో కూర్చోడు.

మరి ఇంట్లో వంతుల సంగతేమిటంటే, చర్చి కాగితం వేరు, ఇంటి కాగితం వేరు అనేది. థర్మన్ కప్పు కోసం పిల్లని రాసుకున్నప్పుడు ఎవరూ రుజువు అడగలేదు కాబట్టి ఆవిడ నిజాయితీకి కప్పు ఎగిరిపోలేదు.

"రాయను," అంది ఐడెల్లా. "నువ్వు ఈ ఇంట్లో ఉన్నావని ఎలా రాయను? పందొమ్మిదేళ్ళలో ఒక్క అబద్ధం రాయలేదు."

"అబద్ధమా?"

"అబద్ధమే."

"అయితే నిజం చేస్తాను." షరోండా లేచింది. గొంతు పెంచలేదు. "జర్నీ, బట్టలు సర్దుకో. ఇవాళ నాతో వచ్చేస్తున్నావు. సోమవారం అక్కడి బళ్ళో పేరు రాయిస్తాను. వచ్చే ఏడు ఎవరి కాగితమూ అడుక్కోనక్కర్లేదు."

ముందు గదిలో పూసల చప్పుడు ఆగిపోయింది.

జర్నీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక చేతిలో ఆకుపచ్చ దండ. తల్లి వంక చూసింది, అమ్మమ్మ వంక చూసింది. పిల్ల పడకగదిలోకి వెళ్ళింది. కాసేపటికి మంచం కింది పెట్టె నేల మీద ఈడ్చిన చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడుకి ఐడెల్లా పొయ్యి ఆపేసింది. పిల్లని ఆపడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. కోర్టు కాగితం లేదు. పెంచుకోవడానికి హక్కు రాయించుకోమని ఆరేళ్ళుగా బడివాళ్ళు చెబుతూనే ఉన్నారు. కన్నకూతురి మీద కోర్టుకెక్కుతానా అని ఊరుకుంది. సంఘంలో అందరికీ కాగితాలు రాసిపెట్టిన మనిషి తనకంటూ ఒక్క కాగితం రాయించుకోలేదు.

థర్మన్ తల్లి పక్కకొచ్చి చెవిలో మాట్లాడాడు. ఒక్క కాగితంతో అందరూ బయటపడతారన్నాడు. చెల్లెలు ఈ ఇంట్లోనే ఉందని రాస్తే తల్లిగా దానికే ముందు హక్కు, పాత ఏళ్ళ జోలికి ఎవరూ రారు, తన కప్పు తనకుంటుంది, పిల్ల నీకుంటుంది అన్నాడు.

"నీ కప్పు సంగతి ముందు చెప్పావు," అంది ఐడెల్లా.

అతను చేతిలోని టోపీ వంక చూసుకున్నాడు.

ఐడెల్లా కూతురి వైపు తిరిగింది. "కాగితం రాస్తే పిల్ల ఇక్కడే ఉంటుందా?"

"కాగితం ఇస్తే ఇవాళ నాకు తీసుకెళ్ళే పనేముంది?"

ఐడెల్లా హ్యాండ్‌బ్యాగులోంచి చర్చి తాళాలు తీసుకుంది.

*

చర్చి రెండు వీధుల అవతల. దారి పొడుగునా జనం ఊరేగింపు కోసం ఇనప కంచె వెంట మడత కుర్చీలు వేసుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు పలకరించారు. ఒకావిడ, మనవరాలేదని అడిగింది. ఇంట్లోనే ఉందని చెప్పి ఐడెల్లా ఆగకుండా నడిచింది.

ఆఫీసు గదిలో కంప్యూటరు తెరిచి పాత ఉత్తరం ఒకటి పైకి తెచ్చింది. పేర్లు మారిస్తే చాలు, మిగతా అంతా ఎప్పుడూ ఉండేదే. సంబంధిత అధికారులకు. ఈ సంఘ సభ్యురాలైన షరోండా బ్రాడ్‌నాక్స్, ఆమె కుమార్తె జర్నీ, కిందటి సంవత్సరం జనవరి నుండి డిసెంబరు వరకు ఈ క్రింది చిరునామాలో కలిసి నివసించారు. వేళ్ళు చకచకా సాగాయి. ఇక్కడితో ఆపేయొచ్చు. కాని మంచి ఉత్తరం అంటే ఇంకో రెండు వాక్యాలుండాలని పందొమ్మిదేళ్ళ అలవాటు. ఆఫీసువాళ్ళు వాటినే చదువుతారు.

మళ్ళీ టైపు చేసింది. ఆమె ప్రతిరోజూ ఉదయం బిడ్డను బడికి సిద్ధం చేస్తుంది. బిడ్డకు అనారోగ్యం చేసినప్పుడు రాత్రంతా మేలుకొని చూసుకుంటుంది. ప్రతి ఆదివారం ఆరాధనకు తీసుకొస్తుంది. టైపు చేయడం పూర్తయ్యాక చూసుకుంటే రెండు కాస్తా మూడు వాక్యాలయ్యాయి. ఒక్క అక్షరం తప్పు లేదు. ఒక్క పేరే తప్పు.

పాస్టర్ క్రెంషా పక్క గదిలో రేపటి ప్రసంగం గొణుక్కుంటున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఐడెల్లా కాగితం ముందు పెట్టగానే అలవాటుగా కలం తీశాడు.

"ఈసారి ఎవరికి సిస్టర్?"

"మా షరోండాకండి."

కలం కాగితానికి ఒక అంగుళం పైన ఆగింది. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం మూడో బెంచీలో ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారో ఆయనకి తెలుసు. కిటికీలోంచి దూరంగా బళ్ళో పిల్లల బ్యాండు మేళం సాధన చేస్తున్న డప్పులు వినిపిస్తున్నాయి.

"ఇది నేను చదవాలా?" అన్నాడు ఆయన.

"ఎప్పుడూ చదవరు కదండీ."

ఆయన కాగితం అడుగున సంతకం చోటు వెతుక్కున్నాడు. "చదవను. ఇది చదవడం మొదలుపెడితే ఇంతకు ముందువన్నీ చదవాల్సి వస్తుంది."

సంతకం పెట్టాడు. ముద్ర ఐడెల్లాయే వేసింది. ఎప్పుడూ ఒక్క దెబ్బకి పడే ముద్ర సగమే పడింది. ఇంకోసారి వేసింది.

*

తిరిగొచ్చేసరికి షరోండా వంటింటి కుర్చీలో కూర్చుని, పిల్లని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తలకి నూనె రాసి జడలు అల్లుతోంది. నూనె డబ్బా ఐడెల్లాదే. పాయలు తీసిన గీతలు తిన్నగా, అందంగా ఉన్నాయి. తను తీస్తే అంత తిన్నగా రావు. జర్నీ కళ్ళు మూసుకుని తల తల్లి మోకాలికి ఆనించి ఉంది. పెట్టె గుమ్మం దగ్గర, మూత వేసి.

ఐడెల్లా కాగితం అందించింది. షరోండా చేతులు తువ్వాలుకి తుడుచుకుని తీసుకుంది. చదువుతూ చదువుతూ మధ్యలో పెదవి కొరుక్కుంది. రెండోసారి చదివాక అంది, మెల్లగా:

"నా గురించి నువ్వు ఇంత మంచిగా ఎప్పుడూ మాట్లాడలేదమ్మా."

"అది నీ గురించి కాదు," అంది ఐడెల్లా. "నా గురించి. పేరు మార్చానంతే."

థర్మన్ గొంతు సవరించుకున్నాడు. జోకు కోసం వెతుక్కున్నాడు గాని దొరికినట్టు లేదు. ట్రక్కు అడ్డంగా పెట్టానంటూ బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రాలేదు.

షరోండా కాగితం పక్కన పెట్టింది. సగం అల్లిన జడ పూర్తి చేసి, చివర పూస గుచ్చి, పిల్లని లేపింది. కాగితాన్ని ఉత్తరంతో పాటు కవరులో పెట్టి, అంటించి, చిరునామా రాసి తల్లి ముందుకి జరిపింది. ఇవాళ పోస్టాఫీసు మూసేశారు, తనకి గురువారం దాకా విరామం లేదు, సోమవారం పొద్దున్నే నువ్వే రిజిస్టరు చేయించి పంపించమ్మా అంది. పెట్టె తనే పడకగదిలోకి తీసుకెళ్ళి మంచం కిందకి తోసింది. ఐడెల్లా బీన్స్ కింద మళ్ళీ మంట వెలిగించింది. తిని వెళ్ళమని కూడా అంది.

"టైము లేదు." షరోండా తాళాలు తీసుకుంటూ నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు ఐడెల్లా చూడటం. "ఆ డబ్బు రాగానే అడ్వాన్సు కట్టేస్తాను. మేనేజరు మార్చి ఆఖరుదాకా ఆపుతానంది."

"దేనికి అడ్వాన్సు?"

"ఇంటికి. హోటలుకి రెండు వీధుల అవతల. రెండు పడకగదులు. మొదటి నెల అద్దె, ఆఖరి నెల అద్దె, అడ్వాన్సు, అన్నీ కలిపి ఒక్కసారే అడుగుతోంది. అందుకే ఆగలేకపోయాను." జర్నీ గడ్డం పట్టుకుని తలెత్తింది. "చిన్న గది నీదే. కిటికీలోంచి కొంచెం నీళ్ళు కనిపిస్తాయి. బడి సెలవులివ్వగానే."

గరిటె గిన్నెలో పడిన చప్పుడు షరోండా వినలేదు.

"పిల్ల ఇక్కడే ఉంటుందన్నావు," అంది ఐడెల్లా.

"ఇవాళ తీసుకెళ్ళనన్నాను."

"షరోండా."

"ఏంటమ్మా? ఆ డబ్బు తాగడానికి అనుకున్నావా?" నవ్వు పోయింది. "గది చూసుకో, గది చూసుకున్న రోజున పిల్లని ఇమ్మని అడుగు, అని. ఎన్నిసార్లు అన్నావు? ఈ కుర్చీలో కూర్చునే అన్నావు. ఆరేళ్ళు పట్టింది నాకు. చూసుకున్నాను."

ఐడెల్లా అన్న మాట నిజమే. లెక్కపెట్టలేనన్నిసార్లు అంది. ఆ గది ఎప్పటికీ దొరకదన్న ధైర్యంతో అంది.

షరోండా పిల్లని కౌగిలించుకుని, వీధి మూసేలోపల కారు తీయడానికి పరుగెత్తింది. కారు మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత పోలీసులు ఇనప కంచె ఈడ్చి వీధికి అడ్డంగా పెట్టిన చప్పుడు.

కవరు బల్ల మీద ఉంది. ఇది వెళ్తే డబ్బొస్తుంది. డబ్బొస్తే గదొస్తుంది. గదొస్తే పిల్ల పోతుంది. ఇది వెళ్ళకపోతే ముప్పై రోజుల్లో గడువు తీరుతుంది, వాపసు ఆగిపోతుంది, మేనేజరు ఆ ఇల్లు ఇంకెవరికో ఇచ్చేస్తుంది. పోస్టులో ఉత్తరాలు పోతూనే ఉంటాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. షరోండాకి అనుమానమొచ్చినా, తల్లి అబద్ధమాడదని ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

ఐడెల్లా కవరు తీసి అప్రాన్ జేబులో పెట్టుకుంది. అప్పుడు చూసింది. జర్నీ ఎదుటి కుర్చీలో కూర్చుని ఉంది, ఎంతసేపట్నించో.

"అమ్మమ్మా, నిజంగా కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయా?"

"మీ అమ్మనే అడగాలి."

"నాకు ఎప్పుడూ గది లేదు." పిల్ల ఫిర్యాదుగా అనలేదు. కొత్తగా తెలుసుకున్నట్టు అంది. బల్ల మీద వేలితో ఒక చదరం గీసింది, దాంట్లో ఇంకో చిన్న చదరం గీసింది. కిటికీ కాబోలు. "నువ్వు కూడా వచ్చి పడుకోవచ్చు, శనివారాలు."

ఐడెల్లా పొయ్యి వైపు తిరిగి బీన్స్ కలిపింది. అడుగంటిన వాసన వస్తోంది. వీధి చివర మేళం మొదలైంది. మామూలుగా అయితే ఈపాటికి జర్నీ సంచీ పట్టుకుని గుమ్మం దాటి ఉండేది. కదల్లేదు.

"పోస్టాఫీసు ఎన్నింటికి తెరుస్తారు?"

"ఎనిమిదిన్నరకి."

"సోమవారం బడికి పండగ సెలవే," అంది జర్నీ. "నేనూ వస్తాను నీతో."